తండ్రి తాకట్టు పెట్టిన పిల్లవాడు

రెడింగ్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు క్యావర్షమ్ కొత్త పేరు కాదు. ఊళ్లోంచి థేమ్స్ వంతెన దాటితే అదే. ఆ ఒడ్డునే, 1219 మే 14న, డెబ్బై దాటిన ఒక పెద్దాయన తన ఇంట్లో, భార్యాబిడ్డల మధ్య కన్నుమూశాడు. చనిపోవడానికి నెల ముందు దాకా ఇంగ్లండ్ రాజ్యం మొత్తం ఆయన చేతుల మీదుగానే నడిచింది. పేరు విలియం మార్షల్, పెంబ్రోక్ ఎర్ల్.

మ్యాగ్నా కార్టా గురించి ఇక్కడి బళ్లలో పిల్లలు చదువుకుంటారు. ఆ పత్రం ఏడాది తిరక్కుండానే చెత్తబుట్టలోకి పోవలసింది. దాన్ని బతికించిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఈయనదే. అయితే నన్ను ఈ కథలోకి లాగింది రాజకీయం కాదు, ఆ కుటుంబం.

ఆయన గురించి ఇంత వివరంగా తెలియడానికి కారణం పెద్ద కొడుకు. తండ్రి పోయాక ఆయన జీవితాన్ని ఫ్రెంచి పద్యాల్లో రాయించాడు. 19 వేలకు పైగా పంక్తులు. తర్వాత ఆ పుస్తకం సంగతే అందరూ మరిచిపోయారు. 1861లో పాల్ మేయర్ అనే ఫ్రెంచి పండితుడు లండన్ వేలంలో ఆ రాతప్రతిని ఒక్కసారి చూశాడు. కొనే స్తోమత లేదు. ఎవరో కొనుక్కుపోయారు. అది ఎక్కడుందో కనుక్కోవడానికి ఆయనకు ఇరవై ఏళ్లు పట్టింది. సొంత కొడుకు డబ్బిచ్చి రాయించిన కథ కాబట్టి ఇందులో తండ్రి తప్పులు పెద్దగా కనబడవు. ఆ మెలకువతోనే చదువుకోవాలి.

విలియం తండ్రి జాన్ రాజుగారి కొలువులో మార్షల్. అంటే గుర్రాలూ గుర్రపుశాలలూ చూసుకునే అధికారి. మన కాకతీయుల కొలువులో ఇలాంటి వాళ్లను సాహిణి అనేవారు. వంశపారంపర్యంగా వచ్చే ఆ ఉద్యోగం పేరే చివరికి వీళ్లకు ఇంటిపేరైంది. తల్లి సిబిల్, సాల్స్‌బరీ ఎర్ల్ ప్యాట్రిక్‌కు చెల్లెలు. ఈ పెళ్లి కూడా ఒక రాజీలో భాగమే. జాన్‌కు అప్పటికే భార్య, ఇద్దరు కొడుకులు ఉన్నారు. ప్యాట్రిక్‌తో పోరు ఆపడానికి ఆమెను వదిలేసి ఈమెను చేసుకున్నాడు. విలియం పుట్టింది 1147 ప్రాంతంలో.

అప్పుడు ఇంగ్లండ్ రెండుగా చీలి ఉంది. సింహాసనం మీద స్టీఫెన్, అది తనదేనంటూ మటిల్డా. జాన్ మార్షల్ మటిల్డా పక్షం. 1152లో న్యూబరీ దగ్గర అతని కోటను స్టీఫెన్ ముట్టడించాడు. జాన్ కొన్నాళ్లు గడువు అడిగి, మాట తప్పనని హామీగా ఐదారేళ్ల విలియంను రాజుకు అప్పగించాడు. ఆ గడువులోనే కోటలోకి తిండిగింజలు, సైనికులను చేరవేసి మాట తప్పాడు. పిల్లవాణ్ని ఉరితీస్తామని కబురు పంపితే, ఇంకా మంచి కొడుకులను కనడానికి కావలసిన సుత్తీ దాగలీ తన దగ్గరే ఉన్నాయన్నట్టు బదులిచ్చాడు.

పిల్లవాణ్ని ఉరికంబం వైపు తీసుకెళ్తుంటే దారిలో ఒకరి చేతిలోని ఈటె చూసి ఆడుకోవడానికి ఇమ్మని అడిగాడట. స్టీఫెన్‌కు మనసు ఆగలేదు. ఎత్తుకుని గుడారానికి తెచ్చేశాడు. కొన్నాళ్లకు రాజూ, ఆ పిల్లవాడూ నేల మీద కూర్చుని గడ్డికాడలను ఒకదానితో ఒకటి కొట్టి ఏది తెగుతుందో చూసే ఆట ఆడుకుంటున్నారు. చిన్నప్పుడు మనమూ ఏదో ఒక రూపంలో ఆడిన ఆటే. శాంతి ఒప్పందం కుదిరాక విలియం ఇల్లు చేరాడు. తండ్రి తనను ఏ ధరకు కట్టాడో పెద్దయ్యాక అతనికి తెలిసే ఉంటుంది. ఈ సంగతి ఆయన పద్యచరిత్రలో ఉందంటే, ఇంట్లో చెప్పుకునేవారనే అర్థం.

ఇంగ్లండ్‌లో అప్పుడు భూములన్నీ పెద్ద కొడుక్కే పోయేవి. విలియం అందరిలోకీ చిన్నవాళ్లలో ఒకడు. 1165లో తండ్రి పోతే అతని వాటాకు వచ్చింది సున్నా. తల్లి తరఫు బంధువు టాంకర్‌విల్ ప్రభువు ఇంట్లో, నార్మండీలో ఉండి యుద్ధవిద్య నేర్చుకున్నాడు. నైట్ అయిన కొత్తలో ఒక పోరులో బాగా కొట్లాడాడుగానీ ఓడినవాళ్ల సొమ్ము ఏమీ పట్టుకోలేదు, ఉన్న గుర్రమూ చచ్చింది. రాత్రి విందులో అందరూ నవ్వారు. మామూలు గుర్రం ఒకటి కొనుక్కోవడానికి వేసుకున్న పైబట్ట అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ అంత అమాయకంగా లేడు.

పైకి తెచ్చింది మేనమామే. ప్యాట్రిక్ ఎర్ల్ వెంట 1168లో ఫ్రాన్స్‌లోని పొయితూకు వెళ్లాడు. అక్కడ లూసిన్యాన్ వాళ్లు కాపుకాసి, కవచం కూడా లేని మేనమామను వెనక నుంచి పొడిచి చంపారు. విలియం ఒక్కడే పొదకు వీపు ఆనించి ఎదురు నిలిచాడు. తొడకు దెబ్బ తగిలి పట్టుబడ్డాడు. గాయానికి కట్టుకట్టే గుడ్డ కూడా ఇవ్వలేదంటారు. విడిపించే స్తోమత ఇంట్లో ఎవరికీ లేదు. చివరకు డబ్బు కట్టి విడిపించింది రాణి ఎలియనోర్, రెండో హెన్రీ భార్య. అక్కడి నుంచి దశ తిరిగింది. 1170లో, తండ్రి బతికుండగానే పట్టాభిషేకం జరిపించిన పదిహేనేళ్ల యువరాజు హెన్రీకి ఆయుధవిద్య నేర్పే పని విలియంకు అప్పగించారు.

ఆ తర్వాత పుష్కరకాలం దాదాపు టోర్నమెంట్లే. వీటిని సినిమాల్లో చూపించే ఇద్దరి మధ్య పోటీలా ఊహించుకోకండి. రెండు దళాలు మైళ్ల కొద్దీ పొలాల మీద పడి కొట్లాడుకోవడం. పట్టుబడినవాడి గుర్రం, కవచం గెలిచినవాడివి, పైగా విడుదలకు డబ్బు. విలియం ఇంకొక నైట్‌తో భాగస్వామ్యం పెట్టుకుని పది నెలల్లో నూటమూడు మందిని పట్టాడు. లెక్క రాసి పెట్టడానికి ఒక గుమస్తా కూడా ఉన్నాడు. యువరాజుతో మాట వచ్చి కొన్నాళ్లు బయటికి వస్తే, ఫ్రాన్స్ ప్రభువులు మా జట్టుకు రమ్మని భూములూ జీతాలూ ఎర వేశారు. ఐపీఎల్ వేలం మనం కనిపెట్టిందేమీ కాదు.

1183లో యువరాజు తండ్రి మీద తిరగబడి, ఆ తిరుగుబాటులోనే జబ్బుచేసి చనిపోయాడు. జెరూసలేం వెళ్తానని తాను మొక్కుకున్న మొక్కు తీర్చమని విలియంను కోరాడు. విలియం వెళ్లాడు, రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. ఏం చేశాడన్నది దాదాపు చెప్పకుండానే పద్యచరిత్ర దాటేస్తుంది. తిరిగొచ్చి ముసలిరాజు రెండో హెన్రీ కొలువులో చేరాడు. ఆయన మీద ఈసారి ఇంకో కొడుకు రిచర్డ్ తిరగబడ్డాడు. 1189లో లె మాన్ నుంచి పారిపోతున్న రాజును రిచర్డ్ కవచం కూడా లేకుండా తరుముతుంటే, విలియం అడ్డం తిరిగి ఈటెతో అతని గుర్రాన్ని చంపాడు. మనిషిని చంపగలిగి కూడా గుర్రాన్నే పొడిచాడు. నెల తిరక్కుండానే ముసలిరాజు పోయి, ఆ రిచర్డే రాజయ్యాడు. విలియం పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. రిచర్డ్ మాత్రం ఆ పగ పెట్టుకోలేదు. ముసలిరాజు మాటిచ్చిన సంబంధాన్నే ఖాయం చేశాడు.

ఆ అమ్మాయి ఇసబెల్ ద క్లేర్. తండ్రి ఐర్లండ్‌ను గెలిచిన స్ట్రాంగ్‌బో. తల్లి ఈఫా, లెన్‌స్టర్ రాజు డియర్మిడ్ కూతురు. సోదరుడు చిన్నతనంలోనే పోవడంతో వేల్స్‌లో చెప్‌స్టో, ఐర్లండ్‌లో లెన్‌స్టర్, నార్మండీలో భూములు, అన్నీ ఈమెకే వచ్చాయి. ఆమెకు పదిహేడు పద్ధెనిమిదేళ్లు, ఆయనకు నలభై దాటాయి. ఆమెను ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో ధనవంతురాలైన అనాథ రాజుగారి ఆస్తి, ఎవరికి ఇవ్వాలంటే వాళ్లకు ఇస్తాడు. ఒక్క పెళ్లితో, సెంటు భూమి పెద్దగా లేని నైట్ దేశంలోని పెద్ద భూస్వాముల్లో చేరాడు. ఐర్లండ్‌కు సంబంధించిన ముఖ్యమైన నిర్ణయాలు ఆమె లేకుండా తీసుకునేవాడు కాదు, అవి ఆమె పుట్టింటి భూములని బాహాటంగానే చెప్పేవాడు. ఐదుగురు కొడుకులు, ఐదుగురు కూతుళ్లు పుట్టారు. చెప్‌స్టో కోటకు ఆయన చేయించిన చెక్క తలుపులు ఇప్పటికీ ఆ కోటలోనే ఉన్నాయి. కోట తలుపుల్లో ఐరోపాలోకెల్లా పాతవి అవేనంటారు.

1199లో రిచర్డ్ తర్వాత తమ్ముడు జాన్ రాజయ్యాడు. పెంబ్రోక్ ఎర్ల్ బిరుదు ఇచ్చింది ఈయనే, ప్రాణం తోడేసింది ఈయనే. నార్మండీ ఫ్రాన్స్ రాజు చేతికి పోయాక, అక్కడి తన భూములు నిలబెట్టుకోవడానికి విలియం ఆ రాజుకూ విధేయత ప్రకటించాడు. జాన్‌కు అనుమానం పట్టుకుంది. 1205లో పెద్ద కొడుకును తన దగ్గర ఉంచమన్నాడు. రెండేళ్లకు రెండో కొడుకునూ అడిగాడు.

తాను ఐదారేళ్ల వయసులో ఏ స్థితిలో ఉన్నాడో, ఇప్పుడు తన కొడుకులు అదే స్థితిలోకి వెళ్లాలి. అదీ స్టీఫెన్ లాంటి మెత్తని మనిషి చేతిలోకి కాదు. బాకీపడ్డ బ్రయోజ్ ప్రభువు భార్యనూ పెద్దకొడుకునూ కొన్నేళ్లకు ఖైదులో తిండి లేకుండా చంపించింది ఈ జాన్ రాజే. ఇసబెల్ వద్దంది. తనకు ఆ రాజు మీద నమ్మకం లేదని సలహాదారుల ముందే చెప్పింది. విలియం ఇద్దర్నీ పంపాడు. ఎందుకు పంపాడన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. పంపకపోతే తిరుగుబాటు కిందే లెక్క, భూములన్నీ పోతాయి, నిజమే. కానీ తండ్రికీ ఈయనకూ ఉన్న తేడా పంపడంలో లేదు, పంపిన తర్వాత ఉంది. ఏళ్లపాటు రాజు ఎంత కవ్వించినా విలియం మాట తప్పలేదు. పిల్లలు క్షేమంగా తిరిగొచ్చారు.

కవ్వింపులకు కొదవ లేదు. 1207లో రాజు విలియంను ఇంగ్లండ్‌కు పిలిపించి, ఆయన లేని సమయం చూసి ఐర్లండ్‌లోని రాజప్రతినిధి చేత ఆయన భూముల మీద దాడి చేయించాడు. గర్భిణిగా ఉన్న ఇసబెల్ కిల్‌కెన్నీలో చిక్కుకుంది. చలికాలపు సముద్రం, ఓడలు రావడం లేదు, కబుర్లు లేవు. ఒకరోజు గుర్రం మీద వెళ్తూ రాజు విలియంను పక్కకు పిలిచి, అక్కడ నీ ముఖ్యులైన మనుషులు యుద్ధంలో చచ్చారట అన్నాడు. అది కల్పన. విలియం ముఖంలో ఏమీ కనబడనీయకుండా, వాళ్లు రాజుగారి మనుషులు కూడా కదా, విచారకరమే అన్నట్టు జవాబిచ్చాడు. వారాల తర్వాత అసలు కబురు వచ్చింది. గెలిచింది ఇసబెల్ మనుషులే. దాడికి వచ్చిన రాజప్రతినిధే ఓడి, తన కొడుకును ఆమె దగ్గర బందీగా వదిలి వెళ్లాడు.

1215లో ప్రభువులు తిరగబడి జాన్ చేత మ్యాగ్నా కార్టా ఒప్పించినప్పుడు విలియం రాజు పక్షానే ఉన్నాడు. రాజు మీద నిఘాకు ఎన్నుకున్న ఇరవై ఐదుగురిలో మాత్రం ఆయన పెద్ద కొడుకు ఉన్నాడు, పెద్దల్లుడు హ్యూ బీగొడ్ ఉన్నాడు, తర్వాత అల్లుడు కాబోయే గిల్బర్ట్ ద క్లేర్ ఉన్నాడు. ఎటు గెలిచినా ఇల్లు నిలబడాలని కావాలనే చేశారని కొందరు చరిత్రకారుల అనుమానం. జాన్ చేతిలో ఏళ్ల తరబడి బందీగా ఉన్న కొడుక్కి ఆ రాజు మీద కోపం ఉండటానికి ఏ పన్నాగమూ అక్కర్లేదు కదా.

కొన్ని వారాలకే పోప్ ఆ పత్రం చెల్లదన్నాడు. యుద్ధం మొదలైంది. తిరుగుబాటుదారులు ఫ్రాన్స్ యువరాజు లూయీని పిలిపించుకున్నారు. లండన్ అతని చేతికి పోయింది. 1216 అక్టోబరులో జాన్ చనిపోయాడు. మిగిలింది తొమ్మిదేళ్ల కొడుకు హెన్రీ. గ్లాస్టర్‌లో ఆ పిల్లవాడికి హడావుడిగా కిరీటం పెట్టారు. సంరక్షకుడిగా ఉండమని అందరూ విలియంను అడిగారు. డెబ్బై ఏళ్లవాణ్ని, ఖజానాలో డబ్బు లేదు అని మొదట వెనక్కి తగ్గాడు. చివరికి, అందరూ వదిలేసినా ఈ పిల్లవాణ్ని భుజాల మీద ఎక్కించుకుని దీవి నుంచి దీవికి తిరుగుతాను, తిండికి అడుక్కోవలసి వచ్చినా సరే అన్నాడట. ఒకప్పుడు శత్రురాజు చేతుల్లో ప్రాణం నిలుపుకున్న పిల్లవాడు ఆయన.

ఆయన చేసిన మొదటి పెద్ద పని మ్యాగ్నా కార్టాను కొన్ని మార్పులతో మళ్లీ జారీ చేయడం. బాలరాజుకు ఇంకా సొంత ముద్ర లేదు కాబట్టి దాని మీద మార్షల్ ముద్ర, పోప్ ప్రతినిధి గ్వాలా ముద్ర పడ్డాయి. ప్రభువులు దేనికోసం తిరగబడ్డారో అదే రాజు పక్షం ఇస్తానంటే, ఫ్రాన్స్ యువరాజు వెంట ఉండటానికి కారణం ఏముంది? ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. సొంత కొడుకు కూడా వచ్చాడు.

1217 మే 20న లింకన్ దగ్గర తేలిపోయింది. డెబ్బై ఏళ్ల మనిషి ఆవేశంలో శిరస్త్రాణం మరిచి గుర్రాన్ని దూకించబోతే, పక్కనున్న కుర్రాడు గుర్తుచేశాడు. శత్రుసేనాని పెర్ష్ కౌంట్ ఆ పోరులో చనిపోయాడు. అతను తల్లివైపు నుంచి విలియంకు దూరపు చుట్టమే. ఓడిన పక్షంలో పట్టుబడ్డ గిల్బర్ట్ ద క్లేర్‌కు అదే ఏడాది తన రెండో కూతురు ఇసబెల్‌ను ఇచ్చి పెళ్లి చేశాడు. లూయీకి పది వేల మార్కులు కట్టి సాగనంపాడు. మెతకగా వదిలేశాడని తర్వాత విమర్శలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో సొంత భూములు ఉన్న మనిషి కాబట్టి ఆ విమర్శను పూర్తిగా కొట్టిపారేయలేం. ఏమైనా దేశంలో యుద్ధం ఆగింది.

1219 మార్చిలో జబ్బు ముదిరింది. లండన్‌లో పోవడం ఇష్టంలేక పడవలో థేమ్స్ మీదుగా క్యావర్షమ్‌కు బయలుదేరాడు. ఇసబెల్ ఇంకో పడవలో వెంట వచ్చింది. బాలరాజును పోప్ ప్రతినిధికి అప్పగించాడు. ఆస్తి పంపకాల్లో ఆఖరి కొడుకు ఆన్సెల్‌కు ఏమీ రాయలేదు, తనలాగే సంపాదించుకుంటాడులే అనుకున్నాడు. పక్కనున్నవాళ్లు గట్టిగా చెబితే కొంత రాశాడు. పెళ్లికాని చిన్న కూతురు జోన్ ఏమవుతుందోనన్న బెంగ మాత్రం వదల్లేదు. టోర్నమెంట్లలో పట్టిన సొమ్మంతా తిరిగిస్తేగాని మోక్షం లేదని మతపెద్దలు అంటే, ఐదువందల మంది దగ్గర పట్టినది ఇప్పుడెలా తిరిగివ్వను, అలాగైతే ఎవరికీ మోక్షం ఉండదు పొమ్మన్నాడు. టెంప్లర్ దీక్ష తీసుకున్నాక ఆడవాళ్లను తాకకూడదు కాబట్టి, ముందే భార్యను పిలిచి చివరి ముద్దు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. ఒకరోజు పాట వినాలనిపించిందన్నాడు. కూతుళ్లను పిలిపించారు. పెద్దమ్మాయి పాడింది. జోన్ సిగ్గుపడుతూ పాడితే, పదాలు ఎలా పలకాలో పడుకునే నేర్పించాడు. ఇసబెల్ మరుసటి ఏడాదే పోయింది.

ఐదుగురు కొడుకులుంటే వంశానికి ఢోకా లేదని ఎవరైనా అనుకుంటారు. పెద్దవాడు విలియం బాలరాజు చెల్లెలు ఎలియనోర్‌ను చేసుకుని 1231లో పోయాడు. రిచర్డ్ రాజు మీద తిరగబడి 1234లో ఐర్లండ్‌లో గాయాలతో పోయాడు. గిల్బర్ట్ 1241లో పోయాడు, అదీ టోర్నమెంట్‌లో, గుర్రం మీద నుంచి పడి. తండ్రిని మనిషిని చేసిన ఆటే అది. వాల్టర్, ఆన్సెల్ 1245 చివర్లో నెల తేడాతో పోయారు. ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు ఎర్ల్ పదవికి వారసులైనవాళ్లే, ఒక్కరికీ వారసత్వానికి తగిన బిడ్డ లేడు. ఐర్లండ్‌లో ఫెర్న్స్ బిషప్ భూములు రెండు మార్షల్ లాక్కున్నాడనీ, ఆ బిషప్ శాపం తగిలిందనీ జనం చెప్పుకున్నారు.

పెద్ద కొడుకు భార్య ఎలియనోర్ పదహారేళ్లకే విధవ అయింది. మళ్లీ పెళ్లి చేసుకోనని వ్రతం పట్టి, ఏడేళ్ల తర్వాత సైమన్ ద మాంట్‌ఫోర్ట్‌ను చేసుకుంది. మార్షల్ ఆస్తి నుంచి ఆమెకు రావలసిన భరణానికి ఏటా 400 పౌండ్లని ఒప్పుకున్నారు. అది చాలా తక్కువన్న గొడవ ఆమె అన్నగారైన రాజుతో ఏళ్లకేళ్లు సాగింది. 1265లో పట్టణాల ప్రతినిధులను కూడా పిలిచి పార్లమెంటు నడిపిన మాంట్‌ఫోర్ట్‌కు రాజు మీద ఉన్న కోపాల్లో ఈ ఇంటి గొడవ ఒకటి.

ఆస్తి ఐదు వాటాలై కూతుళ్ల వైపు పోయింది. పెద్దకూతురు మటిల్డాకు కార్లో, మార్షల్ పదవి. ఇసబెల్ సంతానానికి కిల్‌కెన్నీ. సిబిల్‌కు ఏడుగురూ ఆడపిల్లలే, కిల్‌డేర్ వాళ్లు పంచుకున్నారు. ఈవా కూతుళ్లకు డనమేస్, జోన్ పిల్లలకు వెక్స్‌ఫర్డ్. ఈవాను ఇచ్చింది జాన్ రాజు ఆకలితో చంపించిన ఆ బ్రయోజ్ ఇల్లాలి మనవడికే. ఈవా కూతురు మార్టిమర్ల ఇంటి కోడలైంది. ఆ వరసలో నాలుగో ఎడ్వర్డ్, ఆయన మనవడు ఎనిమిదో హెన్రీ వస్తారు. స్కాట్లండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ నాయనమ్మకు మన మార్షల్ సొంత తాత. 1306లో ఆ బ్రూస్‌ను మెత్‌వెన్ దగ్గర ఓడించి, మరుసటి ఏడాది అతని చేతిలోనే ఓడిన ఎమర్ ద వాలెన్స్ ఎవరనుకున్నారు? క్యావర్షమ్‌లో సిగ్గుపడుతూ పాడిన జోన్ మనవడు.

మటిల్డాకు వచ్చిన మార్షల్ పదవి చేతులు మారుతూ నార్‌ఫక్ డ్యూకుల దగ్గర స్థిరపడింది. 2022లో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలు, మరుసటి ఏడాది చార్లెస్ పట్టాభిషేకం మనం టీవీలో చూశాం కదా, ఆ ఏర్పాట్లన్నీ చేసింది ఎర్ల్ మార్షల్ హోదాలో ఆ డ్యూకే.

విలియం మార్షల్‌ను పాతిపెట్టింది లండన్ టెంపుల్ చర్చిలో. గుండ్రటి హాలులో నేల మీద రాతి మనుషులు పడుకుని ఉంటారు. పొడవైన అంగీ, డాలు, కత్తితో ఉన్నది ఆయనే అంటారు. దగ్గర్లోనే ఇద్దరు కొడుకులు, విలియం, గిల్బర్ట్. 1941 మే నెల బాంబుదాడిలో పైకప్పు కూలి విగ్రహాలు బాగా దెబ్బతిన్నాయి, ముఖాలు అరిగిపోయాయి. కూతుళ్లు అక్కడ లేరు. టెంపుల్ ట్యూబ్ స్టేషన్‌లో దిగితే ఐదారు నిమిషాల నడక. ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ముందే చూసుకుని వెళ్లండి, టికెట్ ఉంటుంది.